బోర్డు మీద పేరున్నాయన వంటింట్ల లేడు

"పేరున్న సెలబ్రిటీ షెఫ్ గ్యాస్ట్రోపబ్‌లో తిన్నారా? పెట్టిన డబ్బుకు తగ్గట్టు ఉంటుందా?" అని అడిగిన్రు. గ్యాస్ట్రోపబ్ అంటే బీరుతోని పాటు హోటల్ లెక్క మంచి తిండి సుత పెట్టే పబ్బు. నేను తిన్నది ఒక్కసారే. అయినా ఖాయంగ చెప్తున్న, బీరు కోసం పోవచ్చు, షెఫ్ కోసమైతే అవసరం లేదు.

2023 ఆగస్టుల మా పెద్దోడి దగ్గరికి ఇంగ్లండ్ పోయినం. నేను, మా ఇంటామె, మా బాపు. వాడుండేది రెడింగ్‌ల. బాపుకు అప్పటికి డెబ్బై ఎనిమిది. పరకాల దగ్గర మా ఊరు ఇడిచి హైదరాబాద్‌ల రెండు రోజులుంటేనే నిద్రపట్టని మనిషి. మావాడు మూడు వారాల ముందే ఆదివారం మధ్యాహ్నానికి టేబుల్ బుక్ చేసి పెట్టిండు. "టీవీల వంటల పోటీలకు వచ్చే ఆయనది నాన్నా, ఊకె దొరకదు" అని ఒకటే సంబురం. ఆయన పేరు నేను చెప్ప. మనకేం పగోడు కాదు. అక్కడికి దగ్గర్నే మార్లోల 'హ్యాండ్ అండ్ ఫ్లవర్స్' ఉన్నది, టామ్ కెరిడ్జ్‌ది, మంచి హోటళ్లకు మిషెలిన్ గైడు ఇచ్చే స్టార్లు రెండు వచ్చిన మొట్టమొదటి పబ్బు. మేం పోయింది అది కాదు, ముందే చెప్తున్న.

లోపలికి పోంగనే గోడ మీద ఆయన ఫొటో. చేతులు కట్టుకుని నవ్వుతున్నడు. బాపు ఆ ఫొటోను, వంటింటి తలుపును మార్చి మార్చి చూసుకుంట కూసున్నడు.

ముందుగాల బీరు. కౌంటర్ కాడ ఒక పిల్ల పొడుగు కర్ర పిడి పట్టుకుని గుంజుతున్నది. "ఏందిరా, బోరింగు కొడుతున్నది?" అన్నడు బాపు. నిజంగనే అదొక చేతిపంపు. కింద నేలమాళిగల పీపా ఉంటది, అందులకెల్లి గుంజి పోస్తరు. ఆ పీపాల బీరు ఇంకా పులుస్తనే ఉంటదట. తెరిచినంక మూడు నాలుగు రోజుల్ల ఒడిసిపోవాలె, లేకుంటే పాడైతది. ఐసు లెక్క సల్లగ కూడ ఇయ్యరు, పదకొండు పన్నెండు డిగ్రీలు ఉంటదంతే. మావాడు "తాతకు నచ్చదేమో" అని భయపడ్డడు. బాపు ఒక గుటక మింగి, మూతి తుడుచుకుని, "ఇది బతికున్నదిరా" అన్నడు. పొద్దుగాల దించిన కల్లు మాపటికి ఎట్ల మారుతదో తెలిసినోడు గదా. అర పింటు అన్నోడు ఇంకో అర పింటు చెప్పిచ్చుకున్నడు. ఆ పూట మాకు పెట్టిన పైసలకు తగ్గట్టు ఉన్నది అదొక్కటే.

తర్వాత సండే రోస్టు, అంటే ఆదివారం నాడు పెట్టే కాల్చిన మాంసం భోజనం. మా ఇంటామెకు శ్రావణమాసం, నీసు ముట్టదు. ఆమెకు జీడిపప్పు, పుట్టగొడుగులు కలిపి అచ్చు పోసిన ముద్ద ఒకటి వచ్చింది. బాపుకు అసొంటి పట్టింపుల్లేవు, గొర్రె మాంసం చెప్పినం. పక్కన యార్క్‌షైర్ పుడ్డింగ్ పెట్టిన్రు. పేరు చూసి తీపనుకున్న, గోధుమ పిండి, గుడ్లు, పాలు కలిపి పొంగించిన గిన్నె అది. పెద్ద పూరి లెక్క ఉంటది, లోపలంత గాలే. సరే, దాంతోని పేచీ లేదు.

పేచీ మాంసంతోని వచ్చింది. కోస్తే నడుమ గులాబి రంగు, పళ్లెంల ఎర్రని నీళ్లు. బాపు ఫోర్కు పక్కకు పెట్టిండు. మావాడు లెక్చరు మొదలువెట్టిండు, "అది నెత్తురు కాదు తాతా, మయోగ్లోబిన్ అని కండల ఉండే ఎర్ర పదార్థం, ఇక్కడ ఇట్లనే తింటరు" అని. నిజమే, నెత్తురు కాదట, నేను తర్వాత చూసిన. బాపు మాత్రం "ఏదైతేంది బిడ్డా, గొర్రెకు ఇంక జర పానమున్నట్టున్నది" అన్నడు.

అప్పుడే ఆ పిల్ల వచ్చి అంతా బాగుందా అని అడిగింది. అడిగితే బాగుందనాలె, అది అక్కడి మర్యాద. బాపుకు ఆ మర్యాద తెల్వది. అడిగిన్రు కాబట్టి చెప్పిండు, మావాడు టేబుల్ కింద నా కాలు తొక్కుకుంట ఇంగ్లీషుల చెప్పిండు. మా షెఫ్ దీన్ని ఇట్లనే తినమంటడని ఆ పిల్ల అన్నది. బాపు ఫొటో దిక్కు చెయ్యి చూపించి, "గాయన్నే పిలువుమను, నేను మాట్లాడుత" అన్నడు.

ఆ పిల్ల నవ్వింది. వచ్చి ఏడాది దాటిందట, ఆయన్ను రెండే సార్లు చూసిందట. అందుల ఒకసారి కెమెరాలతోని వచ్చిండట.

బాపుకు అర్థం చేయించే సరికి మావాడికి చెమటలు పట్టినయ్. "మరి వండిందెవరు? ఈయన కానప్పుడు ఈయన ఫొటో ఎందుకు?" మా ఊర్లె కల్లు మండువకు పోతే చెట్టెక్కిన గౌడే కల్లు లొట్టి దించుతడు, ఆయనే తాటాకు రేకల పోస్తడు. పుల్లగుంటే ఆయన మొఖం మీదనే అంటం, ఆయన కూడ మనను నాలుగంటడు. ఇక్కడ అననీకి మనిషే లేడు.

మాంసం వెనక్కి పోయి పది నిమిషాలకు మళ్ల వచ్చింది. ఈసారి చెప్పు లెక్క. బాపు నోరు మూసుకుని అంత తిన్నడు, అన్నం పారెయ్యద్దని.

ఈ గ్యాస్ట్రోపబ్బుల కథ మొదలైంది మాత్రం ఇట్ల కాదు. 1989ల అక్కడి సర్కారు పెద్ద బీరు కంపెనీలను వాళ్ల చేతులున్న వేల కొద్ది పబ్బులు ఇడిచిపెట్టుమన్నది. అట్ల పాత పబ్బులు మామూలోళ్లకు దొరుకుడు షురువైంది. 1991ల డేవిడ్ ఐర్, మైక్ బెల్బెన్ అని ఇద్దరు లండన్ ఫారింగ్‌డన్ రోడ్డుల 'ద ఈగల్' తీసుకుని, బార్ వెనుకనే పొయ్యి పెట్టి, ఆ పూట వంటకాలు నల్లబల్ల మీద రాసి అమ్మిన్రు. తాగెటోడు, వండెటోడు ఒకరికొకరు కనబడుతరు. మన మండువ కాడ గుడాలు, బోటి అమ్మే అవ్వ సుత అంతే గదా! ఇప్పుడది ఫొటోల దాక వచ్చింది.

ఇక్కడేం తక్కువ లేదు. మొన్న హన్మకొండల కొత్తగ పెట్టిన ఒక దాంట్ల, పేరొద్దు, సర్వపిండిని ఆరు ముక్కలు కోసి, నల్లరాయి పలక మీద పెట్టి, మీద తెల్లగ ఏదో సాసు పూసి ఇచ్చిన్రు. సర్వపిండికి వేలితోని బొక్కలు పెట్టి నూనె పోస్తరు గదా, వీళ్లదాంట్ల ఒక్క బొక్క లేదు. నడుమ పచ్చి పిండి. మెనూ కావాలంటే ఫోన్‌ల స్కాన్ చేసుకోవాలె. మా అమ్మ ఉంటే ఆ పలక తీసి వాళ్ల నెత్తి మీదనే పెట్టేది.

అక్కడి బిల్లు సంగతి మరిచిన. నలుగురికి 131 పౌండ్లు, దాని మీద పన్నెండున్నర శాతం సర్వీస్ చార్జీ, మొత్తం 147 దాటింది. మన పైసలల్ల పదిహేను వేల పైమాట. "పొట్టేలే వస్తుండె" అన్నడు బాపు. మన దేశంలనైతే ఆ చార్జీ అడగకుండ బిల్లుల కలపద్దు, 2022లనే వినియోగదారుల అథారిటీ చెప్పింది, 2025ల ఢిల్లీ హైకోర్టు కూడ సరే అన్నది. అక్కడ కలుపుతరు గని, మన ఇష్టం మీద ఇచ్చేదని బిల్లు మీదనే రాసి ఉంటది, తీసెయ్యమంటే తీసేస్తరు.

కాబట్టి మీరు పోతే పనిదినం నాడు పోన్రి, బార్ కౌంటర్ కాడ కూసోన్రి, పంపు బీరు చెప్పిచ్చుకోన్రి, మాంసం బాగ ఉడకాలెనని ముందే చెప్పున్రి. సర్వీస్ చార్జీ తీసెయ్యమని నేను అడుగుదామనుకున్న. మావాడు మళ్ల కాలు తొక్కిండు.