ఐబీలో చేర్చే ముందు చేతిలో ఎన్ని నెలల డబ్బుందో చూసుకోండి

ప్రశ్న: ఉద్యోగరీత్యా కుటుంబంతో విదేశంలో ఉంటున్నాను. మా వీసాలన్నీ నా ఉద్యోగం మీదే ఆధారపడి ఉన్నాయి. మా అమ్మాయి ఈ ఏడాది ఐజీసీఎస్‌ఈ (పదో తరగతి స్థాయి అంతర్జాతీయ పరీక్ష) రాస్తోంది. తర్వాత ఇంటర్ స్థాయి ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమాలో చేరతానంటోంది. అదే స్థాయి బ్రిటిష్ ఎ-లెవెల్స్, అమెరికన్ ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) చెప్పే స్కూళ్లు కూడా దగ్గర్లోనే ఉన్నాయి. ఐబీ ఫీజులో సగమే కంపెనీ ఇస్తుంది. మిగతా సగానికి పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. బ్యాంకులో రెండు నెలల జీతం ఉంది. ఏ కరిక్యులమ్ మంచిది?

జవాబు: మీరు అడిగింది కరిక్యులమ్ గురించి. నేను మాత్రం ‘రెండు నెలల జీతం’ దగ్గరే ఆగిపోయాను. రెండేళ్ల కోర్సుకు రెండు నెలల నిల్వ! విదేశాల్లో ఉన్న చాలామంది తల్లిదండ్రులు ఇలాగే చేస్తున్నారు కాబట్టే మీ ఉత్తరానికి జవాబు రాస్తున్నాను. స్కూలు ఎలాంటిదని నెలల తరబడి ఆరా తీస్తారు. ఉద్యోగం పోతే పిల్ల ఆ స్కూల్లో ఎన్నాళ్లు కొనసాగగలదో ఒక్క పూట కూర్చుని లెక్క వేసుకోరు.

మీ విషయంలో ఏం జరుగుతుందో చూడండి. ఉద్యోగం పోతే జీతంతో పాటే ఫీజు అలవెన్సూ ఆగిపోతుంది. కంపెనీ ఆరోగ్య బీమా పోతుంది. వీసాకు రోజులు లెక్కపెట్టుకోవడం మొదలవుతుంది. ఈఎంఐ ఒక్కటే ఆగదు. ఫీజు కట్టేదీ, అప్పు తీర్చేదీ, వీసా నిలబెట్టేదీ ఒకే జీతం అయినప్పుడు దాని మీద ఇంకో అప్పు పెట్టడమేమిటండీ? బాకీ తేలేదాకా దేశం దాటనివ్వని చోట్లు కూడా ఉన్నాయి. పర్సనల్ లోన్ మాట మరచిపోండి. క్రెడిట్ కార్డు వాయిదాల ఆలోచన కూడా రానివ్వకండి.

ఇక కరిక్యులమ్. మధ్యలో ఆగిపోతే పిల్ల చేతిలో ఏం మిగులుతుంది? నేనైతే మొదట ఇదే చూస్తాను. 1968లో జెనీవాలో ఐబీ మొదలైందే దేశాలు మారే కుటుంబాల పిల్లల కోసం. అయినా డిప్లొమా మధ్యలో స్కూలు మారడం తేలిక కాదు. ఆరు సబ్జెక్టులు, వాటిలో కనీసం మూడు హయ్యర్ లెవెల్ (మరింత లోతుగా చదివేవి), 4,000 పదాల దాకా ఎక్స్‌టెండెడ్ ఎస్సే అనే పరిశోధనా వ్యాసం, థియరీ ఆఫ్ నాలెడ్జ్ అనే కోర్సు, సీఏఎస్ (సృజన, ఆటలు, సేవా కార్యక్రమాలు) అన్నీ కలిస్తేనే డిప్లొమా. మీ అమ్మాయి తీసుకున్న సబ్జెక్టులు అవే లెవెల్లో కొత్త స్కూల్లోనూ దొరకాలి. ఐబీ గుర్తింపు ఉన్న స్కూలు ద్వారా తప్ప, ఇంట్లో చదువుకుని ప్రైవేటుగా డిప్లొమా రాసే వీలు లేదు. మొదటి ఏడాది తర్వాత మానేస్తే డిప్లొమా లేనట్టే.

కేంబ్రిడ్జ్ ఎ-లెవెల్స్‌లో మొదటి ఏడాది చివర ఏఎస్ పరీక్షలు రాస్తే దానికి విడిగా సర్టిఫికెట్ వస్తుంది. రెండో ఏడాది అవసరమైతే ప్రైవేటు అభ్యర్థులను తీసుకునే పరీక్షా కేంద్రంలో రాసుకోవచ్చు. ఏపీ కూడా సబ్జెక్టు సబ్జెక్టుకూ విడి పరీక్షే, ఏటా మే నెలలో. యూనివర్సిటీలు మూడింటినీ తీసుకుంటాయి. అమ్మాయి చదవాలనుకునే కోర్సుకు ఏ సబ్జెక్టులు కావాలో మాత్రం ముందే చూసుకోండి.

ఐబీలో చేర్చాలంటే తరగతులు మొదలయ్యే నాటికి ఆరు నెలల ఇంటి ఖర్చు, దానికి తోడు కంపెనీ వాటా కూడా కలుపుకుని ఒక పూర్తి ఏడాది ఫీజు మీ ఖాతాలో ఉండాలి. అడిగిన రోజున తీసుకోగలిగే డిపాజిట్‌లో పెట్టండి. స్థలం, షేర్లు, చిట్టీ ఈ లెక్కలోకి రావు. ఫీజు ఏ కరెన్సీలో కట్టాలో నిల్వలో ఆ భాగాన్ని ఆ కరెన్సీలోనే ఉంచండి. ఎ-లెవెల్స్‌కైతే ఆరు నెలల ఖర్చుతో పాటు ఒక టర్మ్ ఫీజు ఉన్నా నాకు అభ్యంతరం లేదు. ప్రస్తుతం మీ దగ్గర ఈ రెండూ లేవు. అడ్మిషన్ల నాటికి ఐబీకి చెప్పిన మొత్తం పోగవకపోతే ఎ-లెవెల్స్‌లోనే చేర్చండి. కంపెనీ బీమాతో సంబంధం లేకుండా మీ పేరిట టర్మ్ జీవిత బీమా పాలసీ, కుటుంబానికి ఆరోగ్య పాలసీ కూడా ఉండాలి.

ఈ లెక్క అమ్మాయికి చెప్పకుండా దాచకండి. బ్యాంకు ఖాతా, ఫీజు పట్టిక రెండూ తన ముందు పెట్టండి. ఐజీసీఎస్‌ఈ రాసే వయసు పిల్లకు ఇది అర్థమవుతుంది. ఆ పట్టికలో ట్యూషన్ ఫీజు కింద ఉన్న వరసలే అసలైనవి. బోర్డు పరీక్షల ఫీజు అందులో కలిసి ఉందా, విడిగానా? డిపాజిట్ ఎప్పుడు వెనక్కిస్తారు? మాన్పించాలంటే ఎంత ముందు చెప్పాలి? చాలా స్కూళ్లు ఒక పూర్తి టర్మ్ ముందు నోటీసు ఇవ్వాలంటాయి, లేకపోతే ఆ టర్మ్ ఫీజు వసూలు చేస్తాయి. వీసా రద్దయి వెళ్లిపోవాల్సి వస్తే ఈ నిబంధన సడలిస్తారా అని స్కూలుకు మెయిల్ పెట్టండి. రాతపూర్వకంగా జవాబు వచ్చాకే అడ్వాన్స్ కట్టండి.