ఫోన్లతోనే పొద్దుపోతోంది

ప్రశ్న: ఆత్రేయపురంలో పూతరేకుల వ్యాపారం నాదండి. నలుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. అయినా ఫోన్లు, చుట్టడం, ప్యాకింగ్‌, లెక్కలు అన్నీ నేనే చూస్తాను. ఊపిరాడడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ప్రతి పనీ మీ చేతి మీదుగా వెళ్లడమే అసలు ఇబ్బందండి. ముందు ఫోను. ఆర్డర్లు ఉదయం 10-11, సాయంత్రం 5-6 మధ్యే తీసుకోండి. మిగతా వేళల్లో రేటు, రకాలు, పంపే రోజు తెలిపే జవాబు వాట్సాప్‌ బిజినెస్‌లో పెట్టేయండి. చుట్టే మధ్యలో ఫోనెత్తితే, తడిగుడ్డతో మెత్తబరిచిన రేకు మీరు మాట్లాడి వచ్చేలోగా ఆరి విరుగుతుంది, పని మళ్లీ మొదటికొస్తుంది.

చుట్టడం ఒకరికి పూర్తిగా అప్పగించండి. నెయ్యికో గరిటె, పంచదార పొడికో చెంచా కొలతగా ఇవ్వండి. వారంపాటు రోజూ పది పూతరేకులు తూచి చూడండి. తేడా వస్తే కొలత సరిదిద్దండి, ఆ పని మాత్రం మళ్లీ మీరు లాక్కోవద్దు. చాలామంది ఇక్కడే ఓపిక పట్టలేరు.

సంక్రాంతికి మాత్రం రోజుకు చుట్టగలిగినదాంట్లో ఐదో వంతు తగ్గించి ఆర్డర్లు ఒప్పుకోండి.