ఇత్తడి రేకు మందం, స్కేలు పెట్టకుండా

పెంబర్తి పనివాళ్లు వాడే లాంటి ఇత్తడి రేకు ఒకటి 30 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు ఉంది, 408 గ్రాములు తూగింది, ఈ తూకాన్ని బట్టి దాని మందం లెక్కలో వస్తుందా అని కదా అడిగారు. వస్తుంది. కాకపోతే ద్రవ్యరాశి, సాంద్రత కలిసి మనకిచ్చేది ఘనపరిమాణం ఒక్కటే. మిగతా కొలతలు చేతిలో ఉండాలి, లేదా ఆకారమైనా తెలియాలి.

ఇత్తడి సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 8.5 గ్రాములు. 408ని 8.5తో భాగిస్తే 48 ఘ.సెం.మీ. రేకు వైశాల్యం 600 చ.సెం.మీ. 48ని 600తో భాగిస్తే 0.08 సెం.మీ., అంటే 0.8 మి.మీ. ఇంత పలచని దాన్ని మామూలు స్కేలుతో కొలవడం కుదరని పని. తూకమే నయం. సుత్తి దెబ్బలు పడ్డ రేకైతే ఇది సగటు మందం మాత్రమే. రాగి, జింకు పాళ్లను బట్టి సాంద్రత కూడా కాస్త అటూఇటూ అవుతుంది.

ఘనాకారపు దిమ్మె అయితే ఘనపరిమాణానికి ఘనమూలం తీస్తే చాలు, భుజం వచ్చేస్తుంది. తీగకు ఇంకో మెట్టు ఎక్కాలి. కరీంనగర్ ఫిలిగ్రీ (సన్నని వెండి తీగలతో అల్లే నగిషీ) పనికి వాడే లాంటి వెండి తీగ 2 మీటర్లు 4.2 గ్రాములు తూగిందనుకోండి. వెండి సాంద్రత 10.5, కాబట్టి 0.4 ఘ.సెం.మీ. దాన్ని 200 సెం.మీ. పొడవుతో భాగిస్తే అడ్డుకోత వైశాల్యం 0.002 చ.సెం.మీ. దాన్ని π (పై, సుమారు 3.14)తో భాగించి వర్గమూలం తీస్తే వ్యాసార్ధం 0.025 సెం.మీ., వ్యాసం సుమారు అర మిల్లీమీటరు.

పరీక్షల్లో మార్కులు పోయేది ఎక్కువగా యూనిట్ల దగ్గరే. పుస్తకంలో 8500 కి.గ్రా./ఘ.మీ. అని ఉంటే కంగారొద్దు, అది 8.5 గ్రా./ఘ.సెం.మీ.యే.