పందిరంతా ఆకే... చిక్కుడు పూయదేం?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా, తెనాలి దగ్గర పల్లె. ఇంటి వెనక మూడు సెంట్ల పెరడు ఉంది. శివరాత్రి వెళ్లాక పెట్టిన పాదు చిక్కుడు పందిరంతా కమ్ముకుంది గానీ ఇప్పటికి ఒక్క పువ్వు లేదు. బీర పిందెలు వేలెడు పొడవైనా కాకుండానే పచ్చబడి రాలిపోతున్నాయి. నాలుగు మల్లె పొదలున్నా ఈ ఎండాకాలం గుప్పెడేసి పూలే కోశాం. పోయిన సంక్రాంతికి పన్నెండు చామంతి కుండీల్లో పది పూయలేదు. నీళ్ల ట్యాంకు వెనక పడేసిన రెండు మాత్రం విరగబూశాయి. షాపులో పూత మందు ఇస్తే మూడుసార్లు కొట్టాను. ఇంకేం కొట్టమంటారు?
– ఒక గృహిణి

జవాబు: అమ్మా, ముందు ఆ స్ప్రేయరు శుభ్రంగా కడిగి అటకెక్కించండి. మీరు రాసిన నాలుగింట్లో మందు కొడితే పోయేది ఒక్కటీ లేదు. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట, ట్యాంకు వెనక పడేసిన ఆ రెండు కుండీలు. జవాబు సగం మీరే రాసి పంపారు.

చామంతి రాత్రులు పొడుగైతేనే మొగ్గ తొడిగే మొక్క. మన వైపు జూన్ చివర్లో పగలు దాదాపు 13 గంటలుంటుంది, డిసెంబరుకి 11 గంటల పైచిలుక్కి దిగుతుంది. ఆగస్టు, సెప్టెంబరు నుంచి పొద్దు తగ్గుతూ వస్తుంటే ఆ తేడాను ఆకులు పసిగడతాయి. కొమ్మ చివర ఆకు వేయడం మాని మొగ్గ వేస్తుంది. అయితే దానికి కావలసింది తెగని చీకటి. రాత్రి మధ్యలో వెలుతురు పడితే ఆ మొక్క లెక్కలో అది పొడుగు రాత్రి కాదు. పూల వ్యాపారంలో చామంతిని ఆలస్యంగా పూయించాలంటే రాత్రిళ్లు కావాలనే లైట్లు వేస్తారు. మీ ఇంట్లో అదే పని తెలియకుండా జరిగిందనుకుంటున్నాను. ఆ పది కుండీలూ ఎక్కడున్నాయో ఒక్కసారి చూడండి. పెరటి గోడకు రాత్రంతా వెలిగే ఎల్‌ఈడీ బల్బో, వీధి దీపమో వాటికి ఎదురుగా ఉండాలి. ట్యాంకు వెనకవాటికి ఆ వెలుతురు తగల్లేదు, పూశాయి.

బల్బు మీదైతే సెప్టెంబరు మొదటి నుంచి మొగ్గలు శనగగింజంత అయ్యేదాకా రాత్రిపూట ఆపేయండి. పాములూ తేళ్లూ భయమైతే, పనున్నప్పుడు వేసి వెంటనే ఆపండి. వీధి దీపమైతే మనం ఆపలేం కాబట్టి కుండీలనే జరపాలి. పాత పిలకలు ఉంటే ఇప్పుడే, జూన్-జులైలో, విడదీసి కొత్త మట్టిలో నాటండి. నాటిన నాలుగు వారాలకు తల తుంచండి. పక్క కొమ్మలు వేసి గుబురుగా వస్తుంది. తుంచడానికి మనసొప్పక వదిలేస్తే కర్రలాగా ఒంటికాలి మీద లేచి నాలుగు పూలు పూసి ఊరుకుంటుంది.

ఇక చిక్కుడు. మన ఊళ్లలో పందిరికి పాకించే నాటు రకాలన్నీ ఇదే కోవలోవి. రథసప్తమికి చిక్కుడాకులో పరమాన్నం పెట్టి, చిక్కుడు కాయలతో రథం కడతాం కదా. ఆ పండగ వచ్చేది చిక్కుడు నిండుగా కాసే రోజుల్లోనే. మీరు విత్తనం పెట్టింది శివరాత్రి దాటాక, అంటే పొద్దు పెరుగుతున్నప్పుడు. తీగకు ఆకులు వేయడం తప్ప వేరే పని తోచలేదు. పూత మందు కాదు గదా, అమృతం కొట్టినా జూన్‌లో అది పూయదు. పైగా ఆకు పచ్చగా ఉంటే బాగుంటుందని ఎవరైనా యూరియా చల్లమంటే చల్లకండి, ఇంకా ఆకే వస్తుంది.

1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పొగాకులో ఇదే సంగతి తేల్చారు. మేరీలాండ్ మామత్ అనే రకం ఎండాకాలమంతా మనిషిని మించి పెరుగుతూనే ఉండేది తప్ప పూసేది కాదు. దాన్ని పొద్దుండగానే చీకటి గదిలో పెట్టి పగలు తగ్గించి చూస్తే పూసింది. పొగాకు చూసి పెరిగిన గుంటూరు వాళ్లం, మనకు ఈ కథ చెప్పుకోవడంలో కొంచెం సరదా కూడా ఉంటుంది.

తీగను పీకకండి. వానలు పడగానే, జులైలో, మొదలు దగ్గర రెండు బలమైన కాండాలు ఉంచి మిగతాది నడుమెత్తుకు కోసేయండి. పాదులో రెండు తట్టల మాగిన పశువుల ఎరువు వేయండి. అక్టోబరు, నవంబరులో కొత్త చిగుళ్ల మీద పూత వస్తుంది. ముదురు తీగను పూర్తిగా నమ్ముకోవడం నాకు ఇష్టం ఉండదు కాబట్టి, పక్కనే జులై చివర్లో రెండు కొత్త గింజలు కూడా పెట్టమంటాను. చలి మొదలయ్యాక పూగుత్తులకు నల్లటి పేనుబంక పడుతుంది. చీమలు బారుగా పైకి పోతుంటే అదేనని గుర్తు. తక్కువగా ఉంటే ఆ గుత్తి తుంచి పారేయండి. ఎక్కువైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సర్ఫు కలిపి అప్పుడు స్ప్రేయరు దించండి. ఎండాకాలంలో కూడా చిక్కుడు తినాలని ఉంటే బెంగళూరు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క జయ్, అర్క విజయ్ రకాలు వేసుకోండి. అవి పొట్టిగా పొదలా వస్తాయి, పొద్దుతో పనిలేకుండా పూస్తాయి. రుచి మాత్రం పందిరి చిక్కుడుదే, ఆ మాట నేను కాదనను.

ఇదే గడియారం గోంగూరలోనూ ఉంది. దసరా దాటాక చల్లితే మోకాలెత్తు రాకముందే పూతకొచ్చి ఆకు గట్టిపడుతుంది. ఇప్పుడు మృగశిర కార్తెలో చల్లితే నెలల తరబడి కోసుకోవచ్చు.

బీర సంగతి వేరు. దానికి రాత్రి పొడవు కాదు, సాయంత్రం ముఖ్యం. మన పెరటి తీగల్లో గుమ్మడి, కాకర తెల్లవారుజామున పూస్తే, బీర, సొర సాయంత్రం పూస్తాయి. మీరు పొద్దున్నే కాఫీ తాగుతూ పందిరి చూస్తే బీర పూలు వాడిపోయి కనిపిస్తాయి, అంతా అయిపోయిందనుకుంటారు. సాయంత్రం అయిదున్నర, ఆరు మధ్య వెళ్లి చూడండి. ఒకే కణుపులో మగపూలు గుత్తిగా, ఆడపువ్వు ఒంటిగా ఉంటుంది. ఆడపువ్వు కింద సన్నటి పిందె అప్పటికే ఉంటుంది. పుప్పొడి అందకపోతే ఆ పిందె నాలుగైదు రోజుల్లో పచ్చబడి రాలుతుంది. మీకు జరుగుతున్నది చాలావరకు ఇదే అయ్యుంటుంది. మూడుసార్లు మందు కొట్టానన్నారు. అది సాయంత్రం కొట్టి ఉంటే పూల మీద వాలే ఈగలూ రెక్కల పురుగులూ అటువైపు రావడం మానేసి ఉండొచ్చు.

చేత్తో చేయడం కష్టమేం కాదు. అప్పుడే విచ్చిన మగపువ్వు ఒకటి తుంచి, రేకులు వెనక్కి మడిచి, నడిమి పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెత్తగా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు వస్తుంది. రాసిన పువ్వు కాడకు దారం ముక్క కట్టండి. వారం తర్వాత దారం కట్టినవి నిలిచి, కట్టనివి రాలితే కారణం తేలిపోయినట్టే.

దానికి ముందు రాలిన పిందె ఒకటి బ్లేడుతో నిలువుగా కోసి చూడండి. లోపల శుభ్రంగా ఉంటే పైన చెప్పినదే. తెల్లటి పురుగులు మెదులుతుంటే, పిందె మీద సూదితో పొడిచినట్టు చుక్క, దాని దగ్గర జిగురు ఉంటే అది పండు ఈగ. రాలినవాటిని పెంటకుప్ప మీద వేయకండి, అక్కడే ఈగలై మళ్లీ వస్తాయి. ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి రెండు రోజులు ఎండలో పెట్టండి. ఎర బుట్ట కొనేటప్పుడు తీగజాతి కూరగాయలకు వాడే క్యూ లూర్ అని అడగండి. మామిడికి వాడేది ఇస్తే ఈ ఈగ దాని మొహం కూడా చూడదు. ఇంకో జాగ్రత్త, బూడిద తెగులు వచ్చిందని తీగల మీద గంధకం చల్లవద్దు, ఆకులు మాడిపోతాయి. వచ్చేసారి విత్తాక రెండు నుంచి నాలుగు ఆకుల దశలో లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కలిపి ఒకసారి పిచికారీ చేస్తే ఆడపూలు పెరుగుతాయి.

మల్లెకు చలికాలంలో విశ్రాంతి కావాలి. మీరు ఏడాదంతా ఒకే తీరున నీళ్లు పోసి ఉంటారు. నవంబరు చివర్లో రెండు వారాలు నీళ్లు ఆపి, డిసెంబరులో మోకాలెత్తుకు కత్తిరించి, పొదకు 10 కిలోల పశువుల ఎరువు వేసి అప్పుడు తడి ఇవ్వండి. మార్చి నుంచి బుట్టలు వెతుక్కుంటారు. ఇప్పుడు మాత్రం ఎండుపుల్లలు తప్ప ఏమీ కోయకండి. మొగ్గలు ఊదారంగుకు తిరిగి చిల్లులు పడుతుంటే మొగ్గ తొలిచే పురుగు. ఏరి పారేసి పైన చెప్పిన వేపనూనే కొట్టండి.

మీరు అడగకపోయినా ఒక మాట. దసరాకి బంతి కావాలంటే నారు పోసిన దగ్గర్నుంచి రెండున్నర నెలలు లెక్కేసుకోండి, అంటే జులై మొదటి వారం దాటనివ్వకండి. కొత్తిమీరకు తొందర లేదు. ఎండకు త్వరగా పూతకొచ్చేస్తుంది, వానకు కుళ్లిపోతుంది. అక్టోబరులో ధనియాలు రెండు బద్దలుగా నలిపి, రాత్రంతా నానబెట్టి చల్లండి.

చామంతి విషయంలో నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఈసారి చిన్న పని చేయండి. ట్యాంకు వెనక పూసిన ఆ రెండింటినీ తెచ్చి బల్బు కింద పెట్టి, పూయని వాటిలో రెండింటిని ట్యాంకు వెనకకు మార్చండి. ఆ ఒక్క బల్బూ ఎప్పట్లాగే వెలగనివ్వండి. డిసెంబరులో ఏవి మొగ్గ తొడిగాయో నాకు రాయండి.