త్రిత్వం మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ, వందనాలు.

నీ వ్యాసం చదివాను. భాష బాగుంది, ఎక్కడా నీళ్లు నమలకుండా రాశావు. కానీ రెండో పేజీకే, కుమారుడైన క్రీస్తు కూడా సృష్టేనని బోధించిన నాలుగో శతాబ్దపు అరియస్‌ను "సాతాను పనిముట్టు" అనేశావు చూడు, నాకు అక్కడే చిక్కొచ్చింది. నువ్వూ నేనూ తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే త్రియేక దేవుణ్ణే ఆరాధిస్తాం, అందులో తేడా లేదు. అయితే నువ్వు రాస్తున్నది ఆదివారం ప్రసంగం కాదు కదా, చరిత్ర. ఆ ఒక్క మాటతో ఎవరు ఓడిపోవాలో ముందే తేల్చేశావు, మరి అంతమంది బిషప్పులు, అంత జనం ఆయన వెంట ఎందుకు పోయారో మాత్రం వ్యాసం మొత్తంలో ఎక్కడా లేదు.

అరియస్ ఎవరో దారినపోయే దానయ్య కాదు. ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో బౌకలిస్ అనే చోట ఉన్న సంఘానికి పెద్ద, వాక్యం విడమర్చి చెబుతాడని పేరున్నవాడు, నిష్ఠగా బతికినవాడు. సుమారు 318 ప్రాంతంలో తన బిషప్ అలెగ్జాండర్‌తోనే ఆయనకు తగవు వచ్చింది. ఆయన భయం ఏమిటో ముందు రాయి. ఆది లేనివాడు దేవుడొక్కడే, కుమారుడు కూడా ఆది లేనివాడంటే ఇద్దరు దేవుళ్లు అయిపోరా అని. "తండ్రి నాకంటె గొప్పవాడు" అని యేసే అన్నాడుగా అని. సామెతలు 8:22 తెరువు, అక్కడ జ్ఞానం మాట్లాడుతుంది, యెహోవా తన కార్యాల్లో మొదటిదానిగా నన్ను కలుగజేశాడంటుంది. ఆ జ్ఞానం క్రీస్తేనని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి, అసలు తంటా అంతా అందుకే వచ్చింది! దానికి జవాబు చెప్పడానికి, అది కుమారుడు శరీరధారి అయిన సంగతి అని నిరూపించడానికి, అలెగ్జాండర్ తర్వాత అక్కడే బిషప్ అయిన అథనాసియస్ పేజీలకు పేజీలు రాయాల్సొచ్చింది. చేతిలో ఒక్క వచనం కూడా లేనివాడికి ఎవరైనా అంత జవాబు రాస్తారా?

ఇంకొకటి. అరియస్ రాసిన "థాలియా" అనే పద్యాల పుస్తకం నుంచి నువ్వు ఎత్తి చూపిన మాటలు చాలావరకు అథనాసియస్ తప్పు పట్టడానికి తన పుస్తకాల్లో రాసుకున్నవి. అవి వాడొద్దని అనను, కానీ ఎవరి చేతి మీదుగా వచ్చాయో పాఠకుడికి చెప్పాలి. అరియస్ తన బిషప్ అలెగ్జాండర్‌కు రాసిన ఉత్తరం విడిగా ఉంది, అది చదువు. బిషప్ దగ్గర ఎంత మర్యాదగా, ఎంత జాగ్రత్తగా మాట్లాడాడో తెలుస్తుంది.

అథనాసియస్‌కూ ఇదే లెక్క. ఆయన్ని నువ్వు విగ్రహం చేసి నిలబెట్టావు, మనిషి కనపడటం లేదు. ఆయన భయం కూడా చిన్నది కాదు: కుమారుడు సృష్టి అయితే ఒక సృష్టి మరో సృష్టిని ఎలా రక్షిస్తుంది, మనం ఆరాధిస్తున్నది ఎవరిని, ఎవరి నామంలో బాప్తిస్మం ఇస్తున్నాం? 328లో బిషప్ అయ్యాడు, 5 సార్లు వెళ్లగొట్టారు, ఉన్న 45 ఏళ్లలో సుమారు 17 ఏళ్లు ప్రవాసంలోనే గడిచాయి. ఎదుటి పక్షం వాళ్లను కొట్టించాడన్న ఆరోపణలూ ఉన్నాయి, అవి దాచకు. దాచావంటే మిగతాది కూడా ఎవరూ నమ్మరు.

ఈ తగవు తేల్చడానికి బిషప్పులు కూడిన నైసియా సభ దగ్గర నువ్వు చాలాసేపు ఆగావు, అంత అక్కర్లేదు. 325లో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఓట్లు వేయించి యేసును దేవుణ్ణి చేశాడన్నదీ, బైబిల్ పుస్తకాలు అక్కడే ఏరారన్నదీ వాట్సాప్ చరిత్ర. రెండు వాక్యాల్లో కొట్టిపారేసి ముందుకు పో. మనం క్రిస్మస్ తాత అనే బిషప్ నికోలస్ అక్కడ అరియస్ చెంప పగలగొట్టాడన్నది శతాబ్దాల తర్వాత పుట్టిన కథ, ఎంత సరదాగా ఉన్నా తీసెయ్. దాని బదులు కైసరయ బిషప్ యూసేబియస్‌ను చూపించు. సభ రాసిన విశ్వాస ప్రమాణంలో కుమారుడు "తండ్రితో ఒకే సారం గలవాడు" అన్న మాట ఆయనకు మింగుడు పడలేదు, అడగాల్సిన ప్రశ్నలన్నీ అడిగాడు, ఆఖరికి సంతకం పెట్టాడు. పెట్టాక టెన్షన్, ఇంటి దగ్గర సంఘం ఏమనుకుంటుందో అని. వెంటనే ఉత్తరం రాశాడు: ఆ మాటకు అర్థం తండ్రి ముక్కలయ్యాడని కాదు, దేహాలకు జరిగినట్టు జరిగిందని కాదు, అందుకే ఒప్పుకున్నాను అని. ఆ ఉత్తరం ఇప్పటికీ దొరుకుతుంది. నీ వ్యాసంలో ఊపిరి ఉన్న చోటు అదే అవుతుంది.

నైసియాతో గొడవ తీరిపోయిందని రాశావు. అసలు గొడవ ముదిరింది దాని తర్వాతే. కాన్‌స్టంటైన్‌కు 337లో చావు మంచం మీద బాప్తిస్మం ఇచ్చిన నికోమీడియా బిషప్ అరియస్‌కు స్నేహితుడు, తెలుసా? పైగా నైసియా ప్రమాణంలో పరిశుద్ధాత్మ గురించి ఉన్నది "పరిశుద్ధాత్మను నమ్ముచున్నాము" అన్నంత వరకే. మనం ఆరాధనలో చెప్పేది చాలావరకు 381 కాన్‌స్టాంటినోపుల్ సభ పేరుతో వచ్చిన రూపం. మధ్యలో 50 ఏళ్లు దాటి సభల మీద సభలు, ఒకరినొకరు వెలివేసుకోవడాలు.

ఆ 50 ఏళ్లలో నువ్వు నిలబడి రాయాల్సిన చోటు 362, అలెగ్జాండ్రియా. క్రైస్తవం వదిలేసిన చక్రవర్తి జూలియన్ ప్రవాసంలో ఉన్న బిషప్పులందరినీ ఊళ్లకు రానిచ్చాడు, వదిలేస్తే వీళ్లలో వీళ్లే కొట్టుకు చస్తారనుకున్నాడని అమ్మియానస్ అనే చరిత్రకారుడు రాశాడు. అథనాసియస్ తిరిగొచ్చి ఒక చిన్న సభ పెట్టాడు. అప్పటికి కొందరు దేవుడిలో మూడు హైపోస్టాసిస్‌లు (ఈ గ్రీకు మాటను కొందరు 'వ్యక్తి' అన్నట్టు, కొందరు 'సారం' అన్నట్టు వాడేవాళ్లు) అంటున్నారు, కొందరు ఒక్కటే అంటున్నారు, వీళ్లకు వాళ్లు దుర్బోధకులు, వాళ్లకు వీళ్లు దుర్బోధకులు. సభవాళ్లు ఏం చేశారంటే, అడిగారు. మూడు అనేవాళ్లను అడిగారు, ముగ్గురు దేవుళ్లనా మీ ఉద్దేశం? కానే కాదు, త్రిత్వం పేరుకు కాదు నిజంగా ఉందని మా ఉద్దేశం అన్నారు. ఒకటి అనేవాళ్లను అడిగారు, తండ్రి, కుమారుడు, ఆత్మ ఒకరే వేసుకున్న మూడు రూపాలన్న సబెల్లియస్‌లా మీరు కుమారుణ్ణి లేకుండా చేస్తున్నారా? అయ్యో లేదు, సారం ఒక్కటేనని మా ఉద్దేశం అన్నారు. రెండు పక్షాలూ ఒకరి విశ్వాసాన్ని ఒకరు ఒప్పుకున్నాయి. అంత పట్టుదల మనిషి అథనాసియస్, పదం వేరైనా పర్లేదన్నాడు. నీ వ్యాసానికి వెన్నెముక ఇది, నువ్వేమో ఆ సంవత్సరం పేరే ఎత్తలేదు.

సబెల్లియస్ అంటే గుర్తొచ్చింది. ఆరో పేజీలో నీళ్లు, మంచు, ఆవిరి ఉదాహరణ పెట్టావు. సండే స్కూల్లో మనందరికీ అదే చెప్పారు, నిజమే. కానీ ఒకటే పదార్థం ఓసారి ఇలా, ఓసారి అలా మారితే అది సబెల్లియస్ పేరున సంఘం కాదన్న బోధే అవుతుంది. త్రిత్వాన్ని సమర్థిస్తూ రాస్తున్నవాడివి నువ్వే ఆ పక్కకు జారితే ఎలా?

మన ఊళ్లలో ముగ్గురి పేరున కాదు, "యేసు నామమున" మాత్రమే బాప్తిస్మం ఇవ్వాలనేవాళ్ల గొడవను ఈ పాత వాదాలకు ముడిపెట్టావు, మంచి ఆలోచన, కానీ అరియస్‌కు కట్టావు, తప్పు. వాళ్లు యేసు దేవుడు కాదనరు, యేసే ఆ ఒక్క దేవుడంటారు, అది పూర్తిగా ఎదురు దిక్కు. అరియస్ వైపు మొగ్గేది యెహోవాసాక్షులు. యేసు నామం వాళ్ల కథకు వేరు అమెరికా పెంతెకొస్తుల్లో ఉంది: 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ త్రిత్వం వైపు ఖాయంగా నిలబడితే నాలుగో వంతుకు పైగా సేవకులు బయటికి వెళ్లిపోయారు. వాళ్లు అపొస్తలుల కార్యములు 2:38 చూపిస్తే మనవాళ్లు మత్తయి 28:19 చూపిస్తారు. అలాంటి పాస్టరుగారు మీ దగ్గర్లో ఒకాయన ఉండే ఉంటారు. వెళ్లి కూర్చో, వాదించకు, వినిరా. ఆయన చెప్పింది రాసి ఆయనకే చూపించు, "అవును బాబూ, నేను అన్నది ఇదే" అనేదాకా దిద్దు. తర్వాత నీ జవాబు ఎంత ఘాటుగానైనా రాసుకో.

1553లో జెనీవాలో త్రిత్వాన్ని కాదన్న సెర్వెటస్‌ను కాల్చిన సంగతి చివర్లో ఇరికించావు. అది ఇంకో వ్యాసం, ఇక్కడ చాలదు. 362 భాగం రాశాక మిగతాదానికోసం ఆగకుండా అదొక్కటీ ముందు పంపు.

ఉంటాను.