వాకింగ్ అవ్వగానే బీపీ 162 చూపిస్తే కంగారు పడాలా?

వ్యాయామంతో బీపీ తగ్గాలి కదా, అరగంట వేగంగా నడిచొచ్చి చూసుకుంటే పైది 162 ఉందేంటి అని అడిగారు. నాకూ అచ్చం ఇలాగే అయింది. బీపీ ఉందని తేలిన కొత్తలో జాగింగ్ నుంచి వచ్చి, చెమటైనా తుడుచుకోకుండా పట్టీ చుట్టుకుంటే 168. టెన్షన్‌తో మళ్లీ చూస్తే 171! మిషన్ పాడైందనుకున్నాను. అది బాగానే ఉంది, నేను చూసిన టైమే తప్పు.

మెడలో కెరోటిడ్ ధమని చీలే చోట, గుండె పైన బృహద్ధమని వంపులో, నాళం గోడ ఎంత సాగుతోందో పసిగట్టే నరాల కొసలుంటాయి. ఒత్తిడి పెరిగితే అవి మెదడు అడుగుభాగానికి కబురు పెడతాయి, అక్కణ్నుంచి గుండె నెమ్మదిస్తుంది, నాళాలు వదులవుతాయి. మరి పరిగెత్తేటప్పుడు ఈ కాపలా ఏమైపోతుంది? ఎక్కడికీ పోదు. కండరాలకు రక్తం ఎక్కువ కావాలి కాబట్టి, ఎంత ఒత్తిడి దగ్గర నిలబెట్టాలన్న లెక్కనే మెదడు కాసేపు పైకి జరుపుతుంది, ఏసీలో టెంపరేచర్ మార్చినట్టు. అందుకే నడకలో పైది పెరుగుతుంది, కిందిది పెద్దగా కదలదు.

అసలు సంగతి ఆపాక మొదలవుతుంది. ఆ రోజే గంట తర్వాత చూస్తే నాకు 118. నాళాలను బిగించే సింపథెటిక్ నరాల జోరు తగ్గుతుంది, పనిచేసిన కండరాల్లో హిస్టమిన్ (అవును, ఎలర్జీలో తుమ్ములు తెప్పించేదే) నాళాలను వదులుగా ఉంచుతుంది. ఈ తగ్గుదల కొన్ని గంటలుంటుంది. నెలల తరబడి చేస్తే, బీపీ ఉన్నవాళ్లకి విశ్రాంతిలో చూసే పై అంకె కూడా సగటున 5 నుంచి 8 దాకా దిగుతుంది.

ఒకసారి ట్రెడ్‌మిల్ టక్కున ఆపేసి దిగాను, కళ్లు బైర్లు కమ్మి రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను. నాళాలు తెరుచుకునే ఉన్నాయి, రక్తాన్ని పైకి తోసే పిక్కలేమో ఆగిపోయాయి, రక్తమంతా కాళ్లలోనే ఉండిపోయింది. అప్పట్నుంచి చివర్లో ఐదు నిమిషాలు మెల్లగా నడిచే ఆపుతున్నాను. బరువులెత్తేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టకండి, బీపీ ఒక్కసారిగా ఎగిరిపోతుంది.

కనీసం అరగంట ఆగి, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని అప్పుడు చూసుకోండి. అప్పటికీ రోజూ ఎక్కువే ఉంటే డాక్టర్ని కలవండి. తగ్గింది కదా అని మాత్రలు మీ అంతట మీరు మానేయొద్దు, నా డోసు తగ్గించింది కూడా డాక్టరే.