బాల్కనీ తలుపు దగ్గర తడి

పద్మారావు నగర్, సికింద్రాబాద్

చిరంజీవి చిన్నికి మీ మేనత్త ఆశీర్వదించి రాసేది.

కొత్త ఫ్లాట్‌లోకి మారాక మీ కుక్క లచ్చి ఇంట్లోనే ఉచ్చ పోస్తోందని రాత్రి పదకొండున్నరకు నువ్వు ఫోన్ చేసి ఏడిస్తే నాకు మళ్లీ నిద్ర పట్టలేదు బిడ్డా. చెప్పాలనుకున్నవన్నీ ఫోన్‌లో చెప్పలేకపోయాను, నువ్వూ వినే స్థితిలో లేవు. అందుకే పొద్దున్నే టీ తాగి రాయడానికి కూర్చున్నాను. అల్లుడుగారికి, మీ అత్తగారికి కూడా చదివి వినిపించు.

లచ్చికి ఎనిమిదేళ్లు. చిన్నపిల్లగా వచ్చినప్పుడే బయటికి వెళ్లడం నేర్చుకుంది. ఇన్నేళ్లలో మల్కాజిగిరి ఇంట్లో ఒక్కసారి కూడా లోపల ఉచ్చ పోసి ఎరగదు. అలాంటి కుక్క ఈ నెలలో ఆరేడు సార్లు పోసిందంటే దానికి ఒంట్లో ఏదో తేడా చేసిందన్నమాట, లేదా కొత్త ఇంట్లో ఏదో అర్థం కావడం లేదన్నమాట. రెండూ కావచ్చు కూడా. పగ తీర్చుకుంటోందని అల్లుడుగారు అన్నారన్నావు. పగలు, ప్రతీకారాలు కుక్కకు తెలియవమ్మా. సంగతేంటో తేలేదాకా దాని మీద ఎవరూ చెయ్యెత్తొద్దు, గొంతు పెంచొద్దు.

"తప్పు చేశానని దానికి తెలుసు, నన్ను చూడగానే తల దించుకుంటోంది" అని కూడా అన్నారట. మన ముఖం చూసి, గొంతు విని, భయంతో దించుకునే తల అది. ఎప్పుడో గంట కింద పోసినదానికీ ఇప్పటి కేకకీ ఉన్న సంబంధం దానికి తెలియదు. తిడితే అది నేర్చుకునేది ఒక్కటే, మీ కంట పడకుండా పోయాలని. అప్పుడిక సోఫా వెనకా మంచం కిందా మొదలవుతుంది. ముక్కు పట్టి అందులో రుద్దమని ఎవరో చెప్పారన్నావే, ఆ పని మాత్రం మన ఇళ్లలో జరగకూడదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, తిట్టే తప్పు నేనూ చేశాను. మన కుక్క భైరు నీకు గుర్తుండే ఉంటాడు, వాడి మీద ఎక్కి ఆడుకునేదానివి. పదో ఏట వాడు వంటింటి గుమ్మం దగ్గర పోయడం మొదలుపెట్టాడు. ఒకటి రెండు సార్లు తుడిచాను. తర్వాత తిట్టాను. ఆ తర్వాత ఇంట్లో వాళ్ల మాట పడలేక డాబా మీద కట్టేశాను. పదిహేను రోజులు పైనే ఉన్నాడు. బట్టలు తడిపిన బకెట్‌లో తల పెట్టి నీళ్లు గటగటా తాగుతుంటే, ఎండకేమో అనుకున్నాను. ఒకరోజు బట్టలు ఆరేయడానికి వెళ్తే, వాడు పోసిన చోట పిట్టగోడ వారగా చీమలు బారు కట్టి ఉన్నాయి. అన్నం మెతుకు కూడా పడని చోట చీమలేమిటని వంగి చూశాను. అప్పుడు తట్టింది నాకు. ఆ సాయంత్రమే ఆటోలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే షుగర్ అని తేలింది. రోజుకు రెండు పూటలా అన్నం పెట్టి, ఇన్సులిన్ ఇస్తే రెండేళ్లకు పైగా బతికాడు. చివర్లో కళ్లకు పొర కమ్మింది గానీ ఇంట్లో మళ్లీ పోయలేదు. ఆ పదిహేను రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. చీమలు రాలేదు కాబట్టి షుగర్ లేదని మాత్రం అనుకోకు, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

ఇక లచ్చి సంగతి. నువ్వు చెప్పినదాంట్లో మూడు మాటలు నా మనసులో పడ్డాయి.

ఒకటి, పొద్దున లేచేసరికి అది పడుకున్న దుప్పటి తడిగా ఉంటోందన్నావు. మెలకువగా ఉన్న కుక్క తను పడుకునే చోట పోయదు. నిద్రలో తనకు తెలియకుండానే కారిపోతోందేమో. గర్భసంచి ఆపరేషన్ చేయించిన ఆడకుక్కల్లో, అందులోనూ ఒళ్లున్న పెద్ద జాతుల్లో, కొన్నేళ్లకు మూత్రాన్ని పట్టి ఉంచే కండరం సడలుతుంది. లచ్చికి ఆపరేషన్ ఎప్పుడో ఐదేళ్ల కింద అయింది కదా, ఇప్పుడెందుకు వస్తుంది అనుకోకు, అలా ఆలస్యంగానే బయటపడుతుంది. దీనికి మందులున్నాయి, చాలావాటికి బాగా పని చేస్తాయి కూడా. ఇందులో దాని తప్పు ఏమీ లేదని మీ అత్తగారికి ఈ ముక్క ప్రత్యేకంగా చెప్పు.

రెండోది నువ్వు మాట మధ్యలో అనేసి వదిలేశావు. వానల్లో ఒళ్లంతా గోక్కుంటుంటే డాక్టరు దురద మాత్రలిచ్చారని, ఇంకా వేస్తున్నావని. ఆ మాత్ర అట్ట మీద పేరు చూడు. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ అయితే కుక్క విపరీతంగా నీళ్లు తాగుతుంది, తాగినంతా పోస్తుంది. ఆపుకోవాలని ఉన్నా ఆపుకోలేదు. అలాగని నీ అంతట నువ్వు టక్కున ఆపేయకు. రోజుల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. ఇచ్చిన డాక్టరుకే ఫోన్ చేసి, ఇంట్లో పోస్తోందని చెప్పి, ఎలా తగ్గించాలో అడుగు.

ఈలోపు నీళ్లు కొలువు. లీటరు బాటిల్‌తో కొలిచి గిన్నెలో పొయ్యి, మర్నాడు అదే టైముకు మిగిలింది తీసేసి లెక్క వెయ్యి. మూడు రోజులు రాసిపెట్టు. బాత్రూమ్ తలుపు వేసి ఉంచు, బకెట్‌లో తాగితే లెక్క తప్పుతుంది. కిలో బరువుకు రోజుకు 50, 60 మిల్లీలీటర్లంటే మామూలే. 100 దాటితే ఎక్కువ. లచ్చి 28 కిలోలన్నావు కాబట్టి, రోజుకు రెండు లీటర్ల ఎనిమిది వందలు దాటుతోందంటే మాత్రల వల్లో, షుగర్ వల్లో, కిడ్నీల వల్లో, మరి దేనివల్లో డాక్టరు తేల్చాల్సిందే. రాత్రిళ్లు నీళ్ల గిన్నె తీసేయమని ఎవరన్నా చెప్తే వినకు. కిడ్నీ బాగాలేని కుక్కకు, షుగర్ ఉన్న కుక్కకు నీళ్లు ఆపితే ప్రాణం మీదికొస్తుంది.

మూత్రం పరీక్ష మాత్రం ఈ వారంలోనే చేయించు. ఊరికే మాటిమాటికీ కూర్చుని రెండు చుక్కలు పోయడం, ముక్కడం, అక్కడే నాక్కోవడం, ఎర్రగా రావడం ఉంటే ఇన్ఫెక్షనో, రాళ్లో అయ్యుండొచ్చు. ఆడకుక్కల్లో ఇన్ఫెక్షన్ ఎక్కువ. ఏమీ కనిపించకపోయినా చేయించు. పట్టడం ఎలాగో చెప్తాను, నేను చాలాసార్లు పట్టాను. మెడికల్ షాపులో మూత బిగించి ఉండే యూరిన్ డబ్బా కొను. టిఫిన్ డబ్బా మూత ఒకటి, వెడల్పుగా లోతు తక్కువగా ఉండేది, వేడి నీళ్లతో కడిగి ఆరబెట్టు. పొద్దున నిద్ర లేవగానే మొదటిసారి పోసేదే కావాలి. ఆడకుక్క బాగా కిందికి కూర్చుంటుంది కాబట్టి గరిటె పట్టదు. దాని వెనక నడువు, ముందుకు వెళ్తే అనుమానంతో లేచిపోతుంది. కూర్చుని పోయడం మొదలయ్యాక ఒక క్షణం ఆగి, మూతను వెనక నుంచి మెల్లగా కిందికి జరుపు. రెండు మూడు చెంచాలు వస్తే చాలు. డబ్బాలో పోసి గంట, రెండు గంటల్లో డాక్టరుకు అందించు. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టు, ఫ్రీజర్‌లో కాదు. ఏ క్రిములున్నాయో పెంచి చూసే కల్చర్ పరీక్ష చేయాలంటే డాక్టరే సూదితో నేరుగా తీస్తారు, భయపడకు. పాత యాంటీబయాటిక్ మాత్రలు ఇంట్లో ఉన్నాయి కదా అని వేసేయకు. మనం జ్వరానికీ నొప్పికీ వేసుకునే మాత్రలు అసలే వద్దు.

మీ దగ్గరి డాక్టరుకే ముందు చూపించు. స్కానింగూ అవీ కావాలంటే నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. టైము కనుక్కుని వెళ్లు.

ఆగకూడని సందర్భాలు రెండు చెప్తాను. ముక్కుతోంది కానీ చుక్క రావడం లేదు, లేదా వాంతులు చేసుకుంటూ పడిపోయి ఉంది అంటే అర్ధరాత్రయినా బయల్దేరు. టీ డికాషన్ రంగులో పోసి, ఒళ్లు కాలిపోతుంటే అది గోమార్ల జ్వరం కావచ్చు, అదే రోజు చూపించాలి. మన ఊళ్లో గోమార్లకు కొదవ లేదు, చెవుల లోపలా వేళ్ల సందుల్లో రోజూ చూడు.

ఇప్పుడు మూడో మాట. రాత్రి నుంచి నన్ను కదిలిస్తున్నది ఇదే. దుప్పటి కాకుండా ఇంట్లో పోసినవన్నీ ఒక్కచోటే, బాల్కనీ గాజు తలుపు దగ్గరే అన్నావు. మల్కాజిగిరి ఇంట్లో పెరటి తలుపు ఎక్కడుండేదో గుర్తు చేసుకో. హాల్లోంచి తిన్నగా, వెలుతురొచ్చే వైపు. ఆ తలుపు రోజంతా తీసే ఉండేది. లచ్చి ఎప్పుడూ ఎవరినీ అడగలేదు, వెళ్లాలనిపిస్తే లేచి వెళ్లేది, జామచెట్టు కింద మట్టిలో పోసి వచ్చేది. మొరగాలని, గోకాలని దానికి ఎవరూ నేర్పలేదు, అవసరం రాలేదు. ఇప్పుడు తొమ్మిదో అంతస్తు. వెలుతురొచ్చే తలుపు దగ్గరికే వెళ్తోంది, నిలబడుతోంది, తలుపు తెరుచుకోవడం లేదు. మీరేమో లిఫ్ట్ వైపు తలుపును బయట అనుకుంటున్నారు. అది ఇన్నాళ్లూ మర్యాదగానే అడుగుతోంది బిడ్డా, మనకే వినపడలేదు.

కాబట్టి ఒక నెల రోజులు దాన్ని మూడు నెలల పిల్లలా చూసుకో. నిద్ర లేవగానే, తిన్నాక, మీరు ఆఫీసు నుంచి రాగానే, పడుకునే ముందు, మధ్యలో మూడు నాలుగు గంటలకోసారి కిందికి తీసుకెళ్లు. పగలు ఎవరూ లేకపోతే వాచ్‌మన్ భార్యను అడుగు, నెలకు ఎంతో కొంత ఇచ్చినా మంచిదే. మీ సొసైటీలో అంతా టైల్సూ సిమెంటూ అన్నావు. మట్టిలో పోసి అలవాటైన కాళ్లకు టైల్స్ మీద పోయబుద్ధి కాదు, ఆపుకుని పైకొచ్చి పోస్తుంది. కాంపౌండ్ గోడ వెంట మొక్కలున్న చోటో, పక్క ఖాళీ స్థలమో చూసి ప్రతిసారీ అక్కడికే తీసుకెళ్లు. అక్కడ పోసిన వెంటనే, అక్కడే, మెచ్చుకుని చిన్న ముక్క ఏదైనా పెట్టు. పైకొచ్చాక పెడితే దేనికి పెట్టావో దానికి తెలియదు. పోయగానే లాక్కొచ్చేయకు కూడా. పోస్తే షికారు అయిపోతుందని అర్థమైతే పోయకుండా సాగదీస్తుంది. ఐదు నిమిషాలు తిప్పు. సెలవు రోజున మీ కొండాపూర్‌లోనే 2018లో జీహెచ్ఎంసీ వాళ్లు తెరిచిన డాగ్ పార్కుకు తీసుకెళ్లు, టీకాల పుస్తకం వెంట ఉంచుకో.

బాల్కనీ దగ్గరికి వెళ్లి నిలబడితే "పదవే లచ్చీ" అని వెంటనే గొలుసు చేతిలోకి తీసుకో. తలుపు హ్యాండిల్‌కు ఒక గంట కట్టి, ప్రతిసారీ దాని పంజాతో కొట్టించి బయటికి తీసుకెళ్తే కొన్నాళ్లకు తనే కొట్టి పిలుస్తుంది.

లేచేటప్పుడు దాని వెనక కాళ్లు కూడా గమనించు. అలాంటి పెద్ద జాతికి ఈ వయసులో కీళ్ల నొప్పులు సహజం, నున్నటి నేల మీద జారుతుందనే భయంతో లేవకుండా ఆపుకుంటుంది. అది నడిచే దారిలో పాత కార్పెట్లు, యోగా మ్యాట్లు పరిచిపెట్టు. దీపావళి దగ్గరికొస్తోంది, ఆ నాలుగు రోజులు మాత్రం చీకటి పడకముందే తిప్పి తెచ్చెయ్యి. టపాసుల భయానికి పోస్తే దాన్ని లెక్కలో వేయకు.

తుడవడం గురించి. నువ్వు ఫినాయిల్ వేసి కడుగుతున్నావు. మన ముక్కుకు వాసన పోతుంది, దాని ముక్కుకు పోదు. మళ్లీ అక్కడికే వస్తుంది. ముందు పాత నూలు బట్టతో అద్ది పీల్చేయి, రుద్దకు. నీళ్లతో తుడిచాక, పెంపుడు జంతువుల షాపుల్లో ఎంజైమ్ క్లీనర్ అని దొరుకుతుంది, అది పోసి సీసా మీద రాసినంత సేపు తడిగా వదిలేయి. ఆ ఆగడంలోనే పనంతా ఉంది. వెనిగర్ వేయమని చెప్తుంటారు, మీ హాలు మార్బుల్ కాబట్టి వద్దు, మచ్చలు పడి మెరుపు పోతుంది. బ్లీచింగ్ కూడా వద్దు, మూత్రంతో కలిస్తే ఘాటు ఆవిర్లు వస్తాయి.

పూజగది గురించి మీ అత్తగారి బాధలో తప్పు లేదు. గుమ్మానికి చంటిపిల్లల గేటు ఒకటి పెట్టించు, ఆవిడ మనసు కుదుటపడుతుంది. కుక్కను ఎవరికైనా ఇచ్చేద్దామన్న మాట ఎత్తారన్నావు. పరీక్షల రిపోర్టులు వచ్చి, ఒక నెల గడిచేదాకా ఆ మాట ఎత్తొద్దని మీ మేనత్త అడిగిందని చెప్పు. నేను కూడా ఆవిడతో మాట్లాడతాను.

మల్కాజిగిరి ఓనరమ్మకు పొద్దున ఫోన్ చేశాను. శనివారం వెళ్లి జామచెట్టు కింద మట్టి ఒక బస్తాకు ఎత్తుకొస్తాను. ఆదివారం క్యాబ్‌లో వేసుకుని తొమ్మిదింటికల్లా మీ ఇంటికి చేరతాను. పెద్ద ప్లాస్టిక్ ట్రే ఒకటి కొని బాల్కనీలో పెట్టి ఉంచు, అంచు ఎక్కువ ఎత్తు లేకుండా చూడు, దాని కాళ్లకు ఇబ్బంది కాకుండా. మట్టి వేశాక తలుపు తీసి వదులుదాం. ఆ వాసన అది మరిచిపోయి ఉండదు.

మీ అత్త